యుద్ధం జరుగుతుంటే ప్రధానిని సమర్థించి తీరాలా? వాకర్స్ సంఘం తీర్మానం మీద ఒక సందేహం

బీచ్‌రోడ్ బాటసారి

మా వాకర్స్ సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక తీర్మానం ముసాయిదా తిరుగుతోంది. ఉన్నదున్నట్టు ఇదీ: "దేశం యుద్ధంలో ఉన్నంతకాలం ప్రధానమంత్రి తీసుకునే ప్రతి నిర్ణయానికీ సభ్యులు సంపూర్ణ మద్దతు ఇస్తారు, బహిరంగంగా విమర్శించరు." ఎవరు ప్రధాని అయినా సరే, ముందుజాగ్రత్తగా బైలాలోనే పెట్టేద్దామని కొందరు, పొద్దున్నే నడకకొచ్చేవాళ్లకి ఇదెందుకని కొందరు. సభ్యుల్లో డాక్‌యార్డు ఉద్యోగులు, రిటైరైన నేవీవాళ్లు, స్టీల్‌ప్లాంటు యూనియన్‌వాళ్లు, వ్యాపారులు, అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు.

శత్రువు సరిహద్దు దాటొస్తే తిప్పికొట్టడం మీద ఎవరికీ పేచీ లేదు. సగం దేశం వద్దంటుంటే సాగే యుద్ధం సంగతేంటి? అప్పుడూ నాయకుడి వెనక నిలబడడం పౌరుడి బాధ్యతేనా? నిలబడకపోతే చట్టం ఏమంటుంది? నినాదాలు వద్దు, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. మీ పార్టీ ఏదో నాకు అక్కర్లేదు.

కోర్టు కాంపౌండ్

చట్టం సంగతి ముందు చెప్తాను. గ్రూపుల్లో జనాన్ని భయపెట్టేది అదే.

పౌరుల ప్రాథమిక విధులు రాజ్యాంగం 51ఎ అధికరణంలో ఉన్నాయి. (సి) దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను కాపాడమంటుంది. (డి) దేశాన్ని రక్షించమని, పిలుపొస్తే జాతీయ సేవ చెయ్యమని అంటుంది. ప్రధానమంత్రి ప్రస్తావన ఆ జాబితాలో ఎక్కడా లేదు. సేనల సర్వోన్నత ఆధిపత్యం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది. నడిపించేది మంత్రివర్గం, ఆ మంత్రివర్గం 75(3) ప్రకారం లోక్‌సభకు జవాబు చెప్పాలి. యుద్ధం వచ్చిందని ఈ జవాబుదారీతనం ఆగదు. అవిశ్వాస తీర్మానం చర్చకు రావాలంటే శాంతికాలంలో కావలసిన 50 మంది సభ్యులే యుద్ధకాలంలోనూ చాలు. ఇంకో సంగతి, మన దగ్గర యుద్ధానికి దిగడానికి పార్లమెంటు ముందస్తు ఓటు అక్కర్లేదు. పార్లమెంటు చేతిలో ఉన్న పగ్గం డబ్బు, అంటే పద్దులు, అనుబంధ పద్దులు. ముందు అడగడానికి వీల్లేనిచోట తర్వాత అడగడం కూడా మానేస్తే ఇక మిగిలేదేంటి?

ఆగే హక్కులు మాత్రం ఉన్నాయి. 352వ అధికరణం కింద యుద్ధం లేదా బయటిదాడి కారణంగా ఎమర్జెన్సీ ప్రకటిస్తే, 358 వల్ల వాక్‌స్వాతంత్ర్యం ఉన్న 19వ అధికరణం పక్కకు పోతుంది. 1978 నాటి 44వ సవరణ తర్వాత దీనికి మంత్రివర్గం లిఖితపూర్వక నిర్ణయం, నెలలోపు ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీ, ఆర్నెల్లకోసారి మళ్లీ ఆమోదం కావాలి. 20, 21 అధికరణాలు అప్పుడు కూడా కదలవు. కార్గిల్ సమయంలో ఎమర్జెన్సీ పెట్టలేదు. 1962లో అక్టోబరు 26న పెట్టారు. చైనా నవంబరు 21న కాల్పులు ఆపింది. ఎమర్జెన్సీ ఎత్తేసింది 1968 జనవరి 10న! నెలరోజుల యుద్ధం, ఐదేళ్లు దాటిన ఎమర్జెన్సీ. ఆ మధ్యలో, 1964 డిసెంబరు ఆఖర్లో, భారత రక్షణ నిబంధనలు వాడి మార్క్సిస్టు పార్టీ నాయకుల్ని వందలమందిని లోపలేశారు. అప్పటికి చైనాతో పోరు ఆగి రెండేళ్లు దాటింది. మీ ముసాయిదాలో "యుద్ధంలో ఉన్నంతకాలం" అని ఉంది కదా, ఆ కాలం అయిపోయిందని ఎవరు తేలుస్తారో కూడా రాయించండి.

ఇక కేసుల సంగతి. 2024 జులై 1 నుంచి పాత రాజద్రోహం సెక్షన్ లేదు, దాని చోట భారతీయ న్యాయ సంహిత 152 ఉంది. వేర్పాటును, సాయుధ తిరుగుబాటును రెచ్చగొట్టినా, సార్వభౌమత్వానికి ముప్పు తెచ్చినా యావజ్జీవం, లేదా ఏడేళ్ల వరకు జైలు. కానీ ప్రభుత్వ చర్యను చట్టబద్ధంగా మార్పించాలని చేసే విమర్శ ఈ నేరం కిందికి రాదని ఆ సెక్షన్‌కే వివరణ ఉంది. హింసకు పురిగొల్పని విమర్శ రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు కేదార్‌నాథ్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. నిజంగా జాగ్రత్తపడాల్సింది అదే సంహితలోని సెక్షన్ 353తో. సైనికులు తిరగబడాలనో విధి మానాలనో ఉద్దేశంతో తప్పుడు వార్త, పుకారు పుట్టించినా, పంచినా మూడేళ్ల వరకు జైలు. "ఫార్వర్డ్ చేశానంతే" అన్నది రక్షణ కాదు. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ జరపడమే సబబని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో, 14 రోజుల్లో. 152 పెడితే ఈ వెసులుబాటు రాదు, అక్కడే చిక్కు. కేసు చివరికి నిలవకపోయినా తిరిగే తిరుగుడు మామూలుగా ఉండదు.

అందుకని యుద్ధాన్ని విమర్శించి రాసేటప్పుడు ఏ నిర్ణయం, ఎందుకు తప్పు, బదులుగా ఏం చెయ్యాలి, ఈ మూడూ ఒక్కచోటే రాయండి. నిర్ణయాన్ని తిట్టండి, సైనికుణ్ణి లాగకండి. చూడని సంగతిని చూసినట్టు రాయకండి.

డాల్ఫిన్ నోస్

లాయరుగారు చట్టం చెప్పారు, బాగుంది. చట్టం వద్దనలేదు కాబట్టి చెయ్యొచ్చు అనడంతో నేను ఏకీభవించను.

యుద్ధం మొదలయ్యాక అవతలివాడు మన తుపాకుల్నే కాదు, మన పేపర్లనీ చదువుతాడు. వియత్నాంలో అమెరికా పక్షం మీద కమ్యూనిస్టు సేనలు చేసిన 1968 టెట్ దాడి యుద్ధరంగంలో విఫలమైంది, దాడికి దిగినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. అయినా అమెరికాలో జనం మనసు విరిగిపోయింది. ఆ మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చెయ్యనని ప్రకటించాడు. సంధి బల్ల దగ్గర కూర్చునేది ప్రధాని ఒక్కడే. ఆయన వెనక దేశం లేదని తెలిస్తే అవతలివాడు బేరం పెంచుతాడు. ఆయనకు ఓటేశామా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు విదేశాలకు వెళ్లాయి. శశి థరూర్, కనిమొళి, సుప్రియా సూలే లాంటి ప్రతిపక్షంవాళ్లే కొన్నిటికి నాయకత్వం వహించారు. పార్లమెంటులో నిలదీయడం తర్వాత, జులై 28 నుంచి. వరస అలా ఉండాలి అంటాను నేను.

అడగదలిస్తే అడిగే చోటుంది. రక్షణ శాఖ స్థాయీ సంఘంలో ఉభయసభలవాళ్లూ 31 మంది ఉంటారు, మీ ఎంపీ ద్వారా అక్కడికి ప్రశ్న పంపండి. ఆర్‌కే బీచ్‌లో మైకు పట్టుకుంటే సమాధానం చెప్పేవాడు అక్కడ ఎవడూ ఉండడు.

మన ఊరికి ఇంకో బాధ్యత ఉంది. 1971లో విశాఖ మీద ఎవరి కన్ను ఉందో తెలిసిందే. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తప్పుకుంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశాడు? విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు నమ్మించాడు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌తో విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. విమానవాహక నౌక సిబ్బందికి సరిపోయేటంత మాంసం, కూరగాయలు, రేషన్ ఊళ్లో కాంట్రాక్టర్లకు ఆర్డరిచ్చారు, బజారు మాట గూఢచారుల చెవిన పడాలని. పడింది కూడా. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ మన రేవు బయటే మునిగింది (ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాల కథనాలు వేరు). ఒక ఊరి కూరగాయల ఆర్డరు యుద్ధరహస్యం మోస్తుందంటే, "ఈరోజు ఛానల్‌లోంచి మూడు షిప్పులు బయటికెళ్లాయి" అని ఫొటో పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచైనా, యారాడ కొండ మీంచైనా అంతే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నౌకాదళ స్థావరాలు నిషిద్ధ ప్రదేశాలు. దేశానికి చెరుపు చేసే ఉద్దేశం ఉందని తేలితే 14 ఏళ్ల దాకా పడుతుంది.

పాత పేపర్లు

డాల్ఫిన్ నోస్ గారూ, ఓడల ఫొటోల మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ అది రహస్యం దాచడం. నాయకుడికి మద్దతు వేరే సంగతి. రెండూ ఒకే సంచిలో వేశారు మీరు. ఓడ కదలిక దాచినవాడు పార్లమెంటులో మంత్రి రాజీనామా అడగకూడదని ఎక్కడుంది?

"ముందు యుద్ధం, తర్వాత ప్రశ్న" అన్న వరసకు 1962 మంచి పరీక్ష. సరిహద్దులో తగలబడుతుండగానే వాజ్‌పేయి పార్లమెంటును ముందుగా పిలవమన్నాడు, నెహ్రూ నవంబరు 8న పిలిచాడు. సభ రహస్యంగా జరపాలన్న సూచన వచ్చినా నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ ముందురోజే, వారం కిందటిదాకా రక్షణమంత్రిగా ఉన్న కృష్ణ మీనన్ మంత్రివర్గం నుంచి పోయాడు. ఆయన్ని పంపెయ్యమని పట్టుబట్టినవాళ్లలో కాంగ్రెస్ ఎంపీలే ఎక్కువ. చైనా సేనలు ఇంకా మన నేల మీదే ఉన్నాయి! దానివల్ల సైన్యం నీరుగారిందా? సైన్యాన్ని అప్పటికే నీరుగార్చినవి చలికోట్లు, తుపాకులు లేని ముందుచౌకీలు. 1963 ఆగస్టులో ప్రతిపక్ష ఎంపీ కృపలానీ పెట్టిన అవిశ్వాసం 62-347తో వీగిపోయింది. నెహ్రూ కూర్చుని విన్నాడు, జవాబిచ్చాడు.

బ్రిటన్ సంగతి ఇంకా ఘాటు. 1940 మే 7, 8 తేదీల్లో పార్లమెంటులో, నార్వేలో జర్మనీ చేతిలో తిన్న దెబ్బ మీద చర్చ. అప్పటికి బ్రిటిష్ సైనికులు నార్విక్ దగ్గర పోరాడుతూనే ఉన్నారు. ప్రధాని ఛాంబర్లిన్ 281-200తో ఓటు నెగ్గాడు గానీ, సొంత కూటమివాళ్లే నలభైమందికి పైగా ఎదురు ఓటేశారు. మే 10న దిగిపోయాడు. హిట్లర్ పశ్చిమ యూరప్ మీద పడిందీ ఆరోజే. మద్దతు పేరుతో ఆ ఓటు వాయిదా వేసి ఉంటే యుద్ధం ఆయన చేతిలోనే ఉండేది. ఆ తర్వాత ప్రధాని అయిన చర్చిల్ కూడా ఉత్తర ఆఫ్రికాలో టోబ్రుక్ శత్రువు చేతికి పోయిన పదిరోజులకు, 1942 జులైలో, అవిశ్వాసం ఎదుర్కొని 475-25తో నెగ్గాడు. అడిగించుకుని నెగ్గిన మద్దతుకు ఉన్న బలం ముందే సంతకాలు పెట్టించుకున్న మద్దతుకు ఉండదు.

వియత్నాం మీరు టెట్ దగ్గర ఎత్తుకున్నారు. నాలుగేళ్లు వెనక్కి వెళ్దాం. అమెరికా ఓడల మీద ఉత్తర వియత్నాం దాడులు చేసిందంటూ జాన్సన్‌కు యుద్ధాధికారం ఇచ్చిన టోంకిన్ తీర్మానానికి 1964 ఆగస్టు 7న వచ్చిన ఓట్లు ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. నాయకుడి వెనక దేశమంతా నిలబడితే ఎలా ఉంటుందో అదే. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి అసలు జరగనేలేదని తర్వాత బయటపడింది. వద్దన్న ఇద్దరు, మోర్స్, గ్రూనింగ్, 1968లో సీట్లు పోగొట్టుకున్నారు. యుద్ధం 58 వేలమంది అమెరికన్ సైనికుల్ని తినేసింది, వియత్నాం వాళ్ల లెక్క లక్షల్లో. మీరన్న విరిగిన మనసు అక్కణ్ణుంచి వచ్చింది. ముందు అడిగి ఉంటే తర్వాత విరగడం ఉండేది కాదేమో.

మన దేశంలో నిజంగా జనాన్ని చీల్చిన యుద్ధం శ్రీలంకది. 1987 జులై 29 ఒప్పందంతో శాంతిసేన వెళ్లింది. అక్టోబరులో అదే సేన తమిళ పులుల (ఎల్టీటీఈ) మీద ఆపరేషన్ పవన్‌కు దిగింది. అక్టోబరు 11-12 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో మన సైనికుల్ని హెలికాప్టర్లలో దించారు. వైర్‌లెస్ మాటలు పులులు ముందే విన్నారు, కాచుక్కూచున్నారు. 13 సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ ప్లటూనులో 30 మందికి 29 మంది పోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు. మొత్తం మీద దాదాపు 1,200 మంది. తమిళనాడులో ఆ యుద్ధం మీద మంట, ఢిల్లీలో మొండిపట్టు, 1989లో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాసే వెళ్లిపొమ్మన్నాడు. ఇక్కడ ప్రభుత్వం మారింది, 1990 మార్చి 24న ఆఖరి దళం శ్రీలంక నుంచి బయల్దేరి మద్రాసు రేవుకు చేరింది. స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు.

నన్నడిగితే అక్కడ రెండు తప్పులు జరిగాయి. పంపినవాణ్ణి అడగాల్సిన కాలంలో గట్టిగా అడగలేదు. అడగాల్సిన కోపాన్ని తిరిగొచ్చినవాడి మీద చూపించారు. జాఫ్నాలో దిగమన్నది సిపాయి కాదు కదా. యుద్ధం తప్పంటున్నవాళ్లు రేవుకు వెళ్లి దండ వేసి, ఆ సాయంత్రమే సభపెట్టి ప్రభుత్వాన్ని కడిగెయ్యొచ్చు. ఒకదానికొకటి అడ్డం రాదు.

కార్గిల్ కొంత నయం. జూన్, జులైల్లోనే నిఘా వైఫల్యం మీద ప్రతిపక్షం అడిగింది. రాజ్యసభ ప్రత్యేక సమావేశం అడిగితే పెట్టలేదు, అది తప్పే. కానీ జులై 26న యుద్ధం ముగిస్తే 29న వైఫల్యాల్ని సమీక్షించడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. 1962 ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్-భగత్ నివేదికను ప్రభుత్వం ఈనాటికీ బయటపెట్టలేదు.

డాల్ఫిన్ నోస్

మద్రాసు రేవు విషయంలో మీతోనే ఉన్నాను. నార్వే చర్చ సభలో జరిగింది, వీధిలో కాదు. నా మాట అదే. మిగతాది ఒప్పుకోను.

బీచ్‌రోడ్ బాటసారి

చాలా విలువైన సమాచారం ఇచ్చారు, అందరికీ థాంక్సండి. ఇప్పుడు పనిలో మాట. ఆదివారం మీటింగు. ముసాయిదాను తిరగగొడితే "దేశద్రోహులు" అంటారు, పాస్ చేస్తే సగంమంది మానేస్తారు. ఏం రాయమంటారు?

సిరిపురం సెక్రటరీ

సంఘాల్లో ఇలాంటివి చెడేది రాత దగ్గరే. నాలుగు వేర్వేరు విషయాల్ని ఒక్క వాక్యంలో కుక్కేస్తారు. సైనికుల మీద గౌరవం, పౌర రక్షణ ఆదేశాలు పాటించడం, యుద్ధనిర్ణయం మీద అభిప్రాయం, ప్రధాని మీద అభిప్రాయం. మొదటి రెంటి మీద మీ సంఘంలో ఒక్కడూ కాదనడు. వాటిని విడదీసి ముందు ఓటుకు పెట్టించండి. ఇలా రాసుకోండి:

"సరిహద్దుల్లో ఉన్న సైనికులకు, వారి కుటుంబాలకు సంఘం అండగా ఉంటుంది. యుద్ధకాలంలో జిల్లా యంత్రాంగం ఇచ్చే పౌర రక్షణ ఆదేశాలను సభ్యులు పాటిస్తారు. నౌకల, బలగాల కదలికల చిత్రాలు, సమాచారం సంఘం గ్రూపులో పెట్టరాదు. యుద్ధంపైనా, ప్రభుత్వ నిర్ణయాలపైనా అభిప్రాయం సభ్యుల వ్యక్తిగతం. సంఘం తరఫున ప్రకటన ఉండదు."

ఆఖరి వాక్యం తీసెయ్యమని ఒత్తిడి వస్తుంది. మీ సంఘం రిజిస్టరైనదైతే ఉద్దేశాల పత్రం తీసి చదవండి. ఆరోగ్యం, నడక, పార్కు నిర్వహణ అని ఉంటుంది. అందులో లేని రాజకీయ ప్రతిజ్ఞ సంఘం తరఫున చెయ్యడానికి లేదు. బైలాలో చేర్చాలంటే సర్వసభ్య సమావేశానికి ముందుగా నోటీసివ్వాలి, మార్పును రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. "ఇతర అంశాలు" కింద ఆదివారం టీలు తాగుతూ చేసేది కాదు.

సంతకాల షీటు మాత్రం తిప్పనివ్వకండి. పెట్టినవాళ్ల జాబితా తయారైందంటే పెట్టనివాళ్ల జాబితా కూడా తయారైనట్టే, ఆ స్క్రీన్‌షాటు సాయంత్రానికి ఎక్కడ తేలుతుందో చెప్పలేం. చేతులెత్తించండి, మినిట్స్‌లో అంకెలు మాత్రమే రాయండి. డాక్‌యార్డు సివిలియన్ ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర ఉద్యోగుల నడవడి నియమాలు వర్తిస్తాయి. 9వ నియమం ప్రకారం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. వాళ్లను అటో ఇటో చెప్పమని నిలబెట్టడమే అన్యాయం. స్టీల్‌ప్లాంటు, పోర్టువాళ్లు తమ తమ నియమాలు చూసుకోవాలి.

డబ్బు పంపుదామంటే 1962లో పెట్టిన జాతీయ రక్షణ నిధి ఉంది, ఎన్‌డీఎఫ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కట్టొచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ విరాళం మీద ఆదాయపు పన్నులో నూరుశాతం మినహాయింపు. కేంద్ర పారామిలటరీ కుటుంబాలకైతే భారత్ కే వీర్. గ్రూపులో వచ్చే క్యూఆర్ కోడ్‌కు పైసా పంపొద్దు. యుద్ధం పేరు వినబడగానే ముందు మొలిచేవి దొంగ ఖాతాలే. సంఘం నిధి నుంచి ఇస్తే సర్వసభ్య ఆమోదం తీసుకోండి, రసీదు ఫైల్లో పెట్టండి.

పౌర రక్షణ అన్నారు కాబట్టి ఒక్క మాట. 2025 మే 7 మాక్‌డ్రిల్ విశాఖలోనూ జరిగింది. ఇలాంటివాటిలో అందరూ మెయిన్ స్విచ్ దించుతారు, ఇన్వర్టర్ మర్చిపోతారు. మెట్లమీద సెన్సార్ లైట్లు, టెర్రస్‌మీద సోలార్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. సైరన్ ఎగుడుదిగుడుగా మోగితే హెచ్చరిక, ఒకే తీరున మోగితే ముప్పు తొలగినట్టు. ఈ రెండూ కాగితం మీద రాసి వాచ్‌మన్ గదిలో అంటించండి.

బీచ్‌రోడ్ బాటసారి

ముసాయిదా గ్రూపులో పెట్టాను. ఆఖరి వాక్యం మీద అప్పుడే నలభై మెసేజ్‌లు. మొదటి మూడూ ఎవరూ ముట్టుకోలేదు.